కొండ కూలితే బండలు అంత దూరం ఎలా పోతాయి?

అలిపిరి_కుర్రోడు:
మా వీధిలో ఇల్లు కడుతున్నారు. నిన్న టిప్పర్ కంకర దించిపోతే గుట్టగా పడి అక్కడే ఆగింది, రెండడుగులు కూడా జారలేదు. 2021 డిసెంబర్‌లో మన తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద పడ్డ బండలు కూడా రోడ్డు పగలగొట్టి అక్కడే ఆగాయి కదా. మరి పెద్ద కొండచరియ విరిగితే అవే రాళ్లు చదును నేల మీద కిలోమీటర్లు ఎలా పోతాయి? అడుగున గాలి చిక్కుకుని దాని మీద తేలతాయని ఒక వీడియోలో విన్నా. నిజమేనా?

సైన్స్_అయ్యోరు:
గాలి మాట 1960ల్లో గట్టిగానే నడిచింది. కానీ చంద్రుడి మీదా ఇలా దూరం పోయిన చరియలున్నాయి బాబూ, అక్కడ గాలేదీ? అసలు తేడా సైజులో ఉంది. నీ కంకర గుట్ట వాలు చూడు, సుమారు 35 డిగ్రీలుంటుంది. ఆ రాపిడి లెక్కన కిలోమీటరు ఎత్తు నుంచి పడింది ఒకటిన్నర, మహా అయితే రెండు కిలోమీటర్లు పోవాలి. పది లక్షల ఘనపు మీటర్లు దాటాక ఈ లెక్క తప్పుతూ వస్తుంది, బాగా పెద్దవి ఎత్తుకు అయిదు నుంచి పది రెట్లు దూరం పోతాయి. 1881లో స్విట్జర్లాండ్‌లో ఎల్మ్ ఊరి మీద పడింది కోటి ఘనపు మీటర్లు, అంటే పది లక్షల టిప్పర్లనుకో, అది ఎదురు గట్టు ఎక్కి, పక్కకు తిరిగి, లోయ వెంట పోయింది. మెలోష్ అనే ఆయన 1979లో ఏమన్నాడంటే, లోపల రాళ్లు ఒకదాన్నొకటి కొట్టుకుని పుట్టే అదురు వల్ల క్షణం క్షణం పైబరువు తేలికవుతుంది, ఆ సందులో జారిపోతాయి అని. చేటలో చెనక్కాయలు పోసి కొంచెం వంచు, కదలవు. అడుగున తట్టు, అప్పుడు చూడు.

కుప్పం_క్వారీ:
ఎల్మ్‌లో అది ఊరికే పడలేదు సార్, కింద పలకరాయి క్వారీ కొండను తొలిచేసింది. బెంచీలు, అంటే మెట్లు మెట్లుగా, వదలకుండా కొడితే అంతే మరి. ఇంకో మాట, పోయేటప్పుడు బండలు చితికి పిండి అవుతాయి, ఆ పగుళ్లే ముందుకు తోస్తాయని కొందరంటారు. నాకు ఎక్కదు. రాయి పగలాలంటే బలం ఖర్చవ్వాలి, మిగలడమేంటి?

జియాలజీ_అమ్మాయి:
ఆ గొడవ ఇంకా తేలలేదన్నా, మీ అనుమానమే చాలామందిది. ఒకటి మాత్రం మర్చిపోకండి, వీళ్లు కొలిచేది ముందు అంచు ఎంత దూరం పోయిందని. దోసెపిండి పెనం మీద పరిచినట్టు రాశి పల్చగా పరుచుకుంటుంది, దాని నడిబొడ్డు అంత దూరం పోదు. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్ చమోలీలో విరిగింది వేరే రకం, సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్ల రాయీ మంచూ కలిసి పడ్డాయి, రాపిడి వేడికి మంచు కరిగి బురద వరదైంది. అక్కడ నీళ్ల పాత్ర పెద్దది, చంద్రుడి మీద ఆ మాటే లేదు. అన్నిటికీ ఒకే కారణం అంటే నేను నమ్మను.

అలిపిరి_కుర్రోడు:
అయ్యోరూ, చేట ప్రయోగం చేశా. వంచితే నిజంగానే కదల్లేదు, వేళ్లతో అడుగున టకటకా తట్టగానే జర్రున కారిపోయాయి, సగం వాకిట్లోకి. అమ్మ చూడకముందే ఏరుతున్నా.