అప్‌డేట్: సింగపూర్ పోలీస్ సర్టిఫికెట్ వచ్చేసింది

కెనడా పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) నా మీద కేసులేవీ లేవని చెప్పే సింగపూర్ పోలీస్ సర్టిఫికెట్ కావాలి, నేనేమో ఇప్పుడు తిరుపతిలో ఉన్నాను, మళ్లీ అక్కడికి వెళ్లాలా అని అడిగాను కదా. వెళ్లక్కర్లేదండీ. అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే పెట్టాను, ఫీజు 55 సింగపూర్ డాలర్లు. మనం ఆ దేశస్థులం కాదు కాబట్టి సర్టిఫికెట్ ఎందుకు కావాలో చూపే కాగితం కూడా జత చేయాలి.

దాంతోపాటు వేలిముద్రలూ ఇవ్వాలి, అసలు కష్టం వాటితోనే. ఇక్కడి స్టేషన్‌లో మొదటిసారి సిరా ఎక్కువై గీతలన్నీ అలుక్కుపోయాయి. పీఆర్‌కి అప్లై చేసుకోమని కెనడా నుంచి ఇన్విటేషన్ వచ్చాక 60 రోజులే గడువు, టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండోసారి ఒక పెద్దాయన నా చేతులు కడిగించి, పొడిగుడ్డతో తుడిచి, ఒక్కో వేలినీ గోరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నిదానంగా దొర్లించారు. గీత గీతా స్పష్టంగా పడింది. ఆయన మేలు మర్చిపోలేను.

మన దేశం పోలీస్ సర్టిఫికెట్‌కి (పీసీసీ) పాస్‌పోర్ట్ సేవలో 500 రూపాయలు కట్టాను, అది సులువుగానే అయింది.

ఇంకోమాట. 18 ఏళ్లు నిండాక, గత 10 ఏళ్లలో వరుసగా 6 నెలలు, ఆపైన ఉన్న ప్రతి దేశం పోలీస్ సర్టిఫికెట్టూ కెనడావాళ్లు అడుగుతారు. కువైట్, దుబాయ్‌లలో పనిచేసి వచ్చినవాళ్లు మన జిల్లాలో చాలామంది. దయచేసి ఇన్విటేషన్ కోసం ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టండి. ఆ దేశం వదిలి వచ్చాక తీసుకున్నదైతే పాత సర్టిఫికెట్టూ చెల్లుతుంది.