ముత్తాతగారి 1917 నాటి మద్రాసు పట్టా: రాజమండ్రిలో చదివినవారికి చెన్నపట్నం పట్టా ఎలా వచ్చింది?

ప్రశ్న – పెరంబూరు మనవరాలు

అందరికీ నమస్కారం. మాది మూడు తరాలుగా చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబం. సంక్రాంతికి ముందు అటక మీది సామాను దించి సర్దుతున్నప్పుడు, మా నాన్నగారి తాతగారి ట్రంకుపెట్టెలో పాత పంచె ముక్కలో చుట్టి పెట్టిన ఒక దళసరి కాగితం దొరికింది. అది 1917లో మద్రాసు విశ్వవిద్యాలయం ఆయనకు ఇచ్చిన బి.ఏ. పట్టా. నాలుగు మడతల దగ్గరా చిరుగులు పడ్డాయి, ఒక మూల నీళ్ళు తగిలి సిరా అలుక్కుపోయింది, కానీ పేరు మాత్రం ఇప్పటికీ స్పష్టంగా కనబడుతోంది. ముద్రలో లాటిన్ అక్షరాలున్నాయి. అడుగున ఉన్న సంతకం నాకు అర్థం కాలేదు.

నా సందేహం ఏమిటంటే, ఆయన చదివింది రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలో. చదువు రోజుల్లో చెన్నపట్నంలో ఒక్క పాఠం కూడా విన్నట్టు మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. అలాంటప్పుడు పట్టా మీద మద్రాసు పేరు ఎందుకున్నది? మా నాయనమ్మ తన మామగారి గురించి చెబుతూ, ఆయన మెయిలెక్కి చెన్నపట్నం వచ్చి, నల్లగౌను అద్దెకు తీసుకుని, సముద్రానికి ఎదురుగా ఉన్న పెద్ద మేడలో పట్టా పుచ్చుకున్నారని అనేది. నేను పనికి వెళ్తూ బస్సులో వాలాజా రోడ్డు మీదుగా ఎన్నోసార్లు ఆ మేడను చూశాను. నాయనమ్మ చెప్పినది ఆ మేడేనా? పాఠాలు చెప్పని విశ్వవిద్యాలయం అప్పట్లో చేసిన పని ఏమిటి? తెలిసిన పెద్దలు వివరిస్తే మా నాన్నగారికి చదివి వినిపిస్తాను.

జవాబు – విశ్రాంత అధ్యాపకుడు, తిరువల్లిక్కేణి

అమ్మా, మీ నాయనమ్మగారు చెప్పినది నమ్మదగిన మాటే. అది ఎందుకో తెలియాలంటే ఆ సంస్థ పుట్టిన తీరు కొంత చెప్పాలి.

మన నగరానికి ఒక విశ్వవిద్యాలయం కావాలని 1839 నవంబరులోనే 70 వేల మంది సంతకాలతో ఒక మహజరును (విన్నపపత్రాన్ని) గవర్నరు ఎల్ఫిన్‌స్టన్ ప్రభువుకు అందజేశారు. దాన్ని అందించిన వ్యక్తి అప్పటి అడ్వకేట్ జనరల్ జార్జ్ నార్టన్. ఆ రోజుల్లో, ఇంత పెద్ద మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా చదవడం రాయడం వచ్చినవారు ఎంత కొద్దిమందో తలచుకుంటే, ఆ 70 వేల సంతకాల వెనుక ఎంత తిరుగుడు, ఎంత ఆరాటం ఉండి ఉంటుందో అర్థమవుతుంది. దాని ఫలితంగా వచ్చినది వెంటనే విశ్వవిద్యాలయం కాదు, ఒక పాఠశాల. అదే పెరిగి ప్రెసిడెన్సీ కళాశాల అయింది. 1854లో చార్లెస్ వుడ్ పంపిన విద్యా నివేదిక తరువాతనే కలకత్తా, బొంబాయి, మద్రాసులలో మూడు విశ్వవిద్యాలయాలు ఒకే సంవత్సరంలో చట్టం ద్వారా ఏర్పడ్డాయి. మద్రాసు చట్టం అమలులోకి వచ్చినది 1857 సెప్టెంబరు 5న, అంటే ఉత్తరాదిన సిపాయిల తిరుగుబాటు ఇంకా చల్లారని రోజుల్లో.

ఈ మూడింటికీ నమూనా లండన్ విశ్వవిద్యాలయం. పాఠం చెప్పే పని ఊరూరా ఉన్న కళాశాలలది. పాఠ్యక్రమం నిర్ణయించడం, పరీక్ష పెట్టడం, నెగ్గినవారికి పట్టా ఇవ్వడం విశ్వవిద్యాలయానిది. అందుచేత బందరు నోబుల్ కళాశాలలో చదివినా, విజయనగరం మహారాజావారి కళాశాలలో చదివినా, మీ ముత్తాతగారిలా రాజమండ్రిలో చదివినా, పట్టా మీద మద్రాసు పేరే ఉండేది. మెట్రిక్యులేషన్, ఎఫ్.ఏ. (ఫస్ట్ ఆర్ట్స్, తరువాతి ఇంటర్మీడియట్ వంటిది), బి.ఏ. అని మెట్లు మెట్లుగా పరీక్షలు. ఏ మెట్టు దగ్గర తప్పినా అక్కడితో ఆగిపోయినవారు ఎందరో. ఎఫ్.ఏ. వరకు చదివి పరీక్ష పోయినవారిని కూడా ఊళ్ళో గౌరవంగా చూసేవారని మా ఇంట్లో పెద్దలు చెప్పగా విన్నాను. 1858లో మొట్టమొదటి బి.ఏ. పరీక్షలో నెగ్గినవారు ఇద్దరే. వారిద్దరూ శ్రీలంకలోని యాళ్పాణం (జాఫ్నా) నుంచి వచ్చిన తమిళులు: సి.వై. దామోదరం పిళ్ళై, విశ్వనాథ పిళ్ళై. అక్కడి నుంచి మీ ముత్తాతగారి పట్టా దాకా దాదాపు 60 ఏళ్ళు.

ఇక మేడ విషయం. మీరు బస్సులోంచి చూసినది సెనేట్ హౌస్ అయితే, నాయనమ్మగారు చెప్పినది అదే. రాబర్ట్ ఫెలోస్ చిషోమ్ అనే వాస్తుశిల్పి రూపకల్పనలో 1874లో మొదలై 1879లో పూర్తయింది. అక్కడికి దగ్గరలో సముద్రానికి ఎదురుగా ఉన్న ప్రెసిడెన్సీ కళాశాల భవనం కూడా ఆయన గీసినదే. మూలల్లో గుమ్మటాలతో నిలిచిన బురుజులు, లోపల చాలా ఎత్తయిన ఒకే పెద్ద హాలు, రంగురంగుల గాజు కిటికీలు. నేను అక్కడ ఒక సభకు వెళ్ళినప్పుడు, సాయంత్రపు ఎండ ఆ గాజుల్లోంచి పడి కింది నేల మీద ఎరుపు, నీలం మచ్చలుగా పాకడం చూస్తూ, వక్త మాటలు సగం వినలేకపోయాను. గవర్నరు కులపతి హోదాలో కూర్చునేవారు. పట్టభద్రులు కాబోయేవారు అందరూ లేచి నిలబడి, తమ నడవడిలోను, మాటలోను ఈ పట్టాకు తగినట్టు ఉంటామని ప్రమాణం చేసిన తరువాతనే పట్టాలు ఇచ్చేవారు. రాలేనివారికి పరోక్షంగా పట్టా పొందే వీలుంది. అయినా మీ ముత్తాతగారు అంత దూరం ప్రయాణం చేసి స్వయంగా వచ్చారంటే, ఆ ప్రమాణాన్ని నిలబడి చేయాలన్న కోరిక ఆయనకు ఉండి ఉంటుందని నాకు అనిపిస్తోంది.

ఆ లాటిన్ వాక్యం "దొక్త్రినా విమ్ ప్రొమోవెత్ ఇన్సితమ్". రోమను కవి హొరేస్ పద్యంలోనిది. మనిషిలో పుట్టుకతోనే ఉన్న శక్తిని చదువు పెంపొందిస్తుందని దాని భావం.

జవాబు – మెరీనా పరిశోధకురాలు

మాస్టారి వివరణ చాలా బాగుంది. అయితే విశ్వవిద్యాలయం పని పరీక్ష పెట్టడమే అన్నచోట నేను ఒక మాట చేర్చాలి. పరీక్ష పెట్టడం చిన్న పని కాదు. ఏ తెలుగు రాస్తే మార్కులు వస్తాయో నిర్ణయించే అధికారం కూడా ఆ చేతిలోనే ఉండేది. పెరంబూరు అక్కయ్యగారి ముత్తాతగారు సరిగ్గా ఆ తగాదా ముదిరిన సంవత్సరాల్లోనే చదువుకున్నారు.

1904 నాటి విశ్వవిద్యాలయాల చట్టం తరువాత పాఠ్యక్రమాలు మారి, ఇంటర్మీడియట్ విద్యార్థులు తమ దేశభాషలో వ్యాసం రాయడం తప్పనిసరి అయింది. అప్పుడు వచ్చిన ప్రశ్న, ఆ వ్యాసం గ్రాంథికంలో రాయాలా, శిష్టులు మాట్లాడే వాడుకభాషలో రాయవచ్చా అనేది. గిడుగు రామమూర్తి పంతులుగారు, గురజాడ అప్పారావుగారు వాడుకభాష వైపు నిలబడ్డారు. జయంతి రామయ్య పంతులుగారు, 1911లో ఈ మద్రాసులోనే వెలసిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం వైపు నిలబడ్డారు. విశ్వవిద్యాలయం నియమించిన తెలుగు వ్యాసరచన ఉపసంఘంలో గురజాడవారు సభ్యులు. ఎక్కువమంది సభ్యుల అభిప్రాయంతో ఏకీభవించలేక, ఆయన 1914లో విడిగా ఒక పెద్ద అసమ్మతి పత్రం సమర్పించారు. అప్పటికే ఆరోగ్యం దెబ్బతిన్న మనిషి, పిల్లలు తమకు రాని భాషలో రాయవలసి వస్తే వారి ఆలోచనే కుంటుపడుతుందన్న బాధతో, ఎన్నో ఉదాహరణలు వెతికి కూర్చి ఆ పత్రం రాశారు. మరుసటి ఏడే కన్నుమూశారు. ఆ పూటకు గ్రాంథికమే గెలిచింది. తెలుగు పరిశోధన చేసే మాకు ఆ పత్రం ఈనాటికీ చదవదగిన విషయమే. ఈ సంస్థ చరిత్రలో తెలుగువారికి సంబంధించి ఇంతకన్నా పెద్ద ఘట్టం లేదని నా నమ్మకం.

అంటే 1917లో పట్టా పొందిన మీ ముత్తాతగారు, అంతకు రెండేళ్ళ కిందట ఇంటర్మీడియట్ పరీక్షలో తెలుగు వ్యాసం గ్రాంథికంలో రాసి ఉంటారు. ఇంటికి ఉత్తరం మాత్రం మామూలు భాషలో రాసి ఉంటారు. ఆ ట్రంకుపెట్టెలో కళాశాల నోటుపుస్తకాలు గాని ఉత్తరాలు గాని ఉంటే దయచేసి పారవేయకండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే మనిషి రెండు తెలుగులు ఎలా రాశాడో తెలుస్తుంది.

ఆ కాలానికే విశ్వవిద్యాలయం పరీక్షలు దాటి పరిశోధన వైపు తిరుగుతోంది. 1913లో, ఏ పట్టా లేని శ్రీనివాస రామానుజన్‌కు నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం ఇచ్చినది ఈ విశ్వవిద్యాలయమే. నిబంధనల ప్రకారం చూస్తే ఆయనకు అర్హత లేదు, అయినా ఇచ్చారు. 1924లో ఇక్కడి గ్రంథాలయాధికారిగా చేరిన ఎస్.ఆర్. రంగనాథన్ పుస్తకాల వర్గీకరణకే కొత్త దారి వేశారు. 1924 నుంచి 1936 వరకు ఆరు సంపుటాలుగా తమిళ నిఘంటువు వెలువడింది. తెలుగు శాఖలో కోరాడ రామకృష్ణయ్యగారు, నిడుదవోలు వెంకటరావుగారు పనిచేశారు. మేము ఇప్పుడు మెరీనా ప్రాంగణంలో కూర్చుని చదువుకుంటున్నది వారు వేసిన బాటలోనే.

జవాబు – చాకలిపేట వాసి

రెండు పనికివచ్చే మాటలు మాత్రం చెబుతాను. 1916 నుంచి 1918 వరకు ఉపకులపతి పి.ఎస్. శివస్వామి అయ్యరు. గవర్నరుగా, అందువల్ల కులపతిగా ఉన్నవారు పెంట్లండ్ ప్రభువు. ఆ సంతకాన్ని ఈ రెండు పేర్లతో పోల్చి చూడండి. విశ్వవిద్యాలయం పాత క్యాలెండర్లలో (సంస్థ వివరాలతో అచ్చువేసే పుస్తకాల్లో) పట్టభద్రుల పేర్లు కళాశాలతో సహా అచ్చువేసేవారు. 1917-18 ప్రాంతపు సంపుటం కోసం ఎగ్మోరులోని కన్నెమరా గ్రంథాలయంలో అడగండి.

కాగితానికి లామినేషన్ చేయించకండి. వేడికి పాత కాగితం పాడవుతుంది, మళ్ళీ విడదీయడం కుదరదు. మడత విప్పి, ఆమ్లం లేని అట్టల మధ్య పరచి ఉంచండి. మా ఇంట్లో ఒక పాత దస్తావేజును దుకాణంలో లామినేషన్ చేయించి, రెండేళ్ళలో అక్షరాలు పసుపెక్కి పోతుంటే చూస్తూ కూర్చున్నాము.

జవాబు – విశ్రాంత అధ్యాపకుడు, తిరువల్లిక్కేణి

పరిశోధకురాలు చెప్పినది ఒప్పుకుంటున్నాను. పరీక్ష పెట్టేవారి చేతిలో భాష ఉంటుందన్నది నేను తేలికగా దాటిపోయిన విషయం. దానికి ఒక కొనసాగింపు ఉంది. తెలుగు జిల్లాలకు సొంత విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక ఫలించి 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. అప్పుడు మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి బందరులో పుట్టిన రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు. కొత్త దానికి మొదటి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డిగారు. 1942 నుంచి 1969 వరకు, 27 ఏళ్ళపాటు మద్రాసు విశ్వవిద్యాలయాన్ని నడిపిన ఎ. లక్ష్మణస్వామి మొదలియారు తమిళులే అయినా పుట్టినది మన కర్నూలులో. మీ ముత్తాతగారు మరొక పదేళ్ళు ఆలస్యంగా చదివి ఉంటే పట్టా మీద ఆంధ్ర పేరు ఉండేది. నాయనమ్మగారికి ఆ మెయిలు ప్రయాణం కథ ఉండేది కాదు.

ప్రశ్న అడిగినవారు – పెరంబూరు మనవరాలు

అందరికీ కృతజ్ఞతలు. భూతద్దం పెట్టి చూస్తే సంతకంలో మొదట "పి.ఎస్." అన్న అక్షరాలు పోల్చుకోగలిగాము. నాన్నగారు వాటి మీద వేలు పెట్టి కాసేపు అలాగే కూర్చున్నారు. పెట్టె అడుగున నోటుపుస్తకం ఒకటి ఉంది. ముందు పేజీల్లో గ్రాంథికంలో వ్యాసాలు, వెనుక అట్ట లోపలి వైపు పెన్సిలుతో ఒక ఖర్చుల పద్దు. అందులో "గౌను బాడుగ" అని ఒక వరుస ఉంది, పక్కన అంకె చెరిగిపోయింది. వచ్చే శనివారం నాన్నగారిని తీసుకుని కన్నెమరాకు వెళ్తున్నాను. క్యాలెండరులో పేరు దొరికితే ఇక్కడ రాస్తాను.