కంపెనీల పన్ను తగ్గించారు సరే, ఆ డబ్బు ఎటు పోయింది?

గోదావరి గట్టు:
2019 సెప్టెంబరు 20న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ కంపెనీల పన్నును 30 శాతం నుంచి 22కు దించారు. కొత్తగా తయారీలోకి దిగే కంపెనీలకైతే 15 శాతమే అన్నారు అప్పట్లో. ఖజానాకు ఏటా 1.45 లక్షల కోట్ల రూపాయలు తగ్గుతాయని ఆవిడే చెప్పారు. సెన్సెక్స్ ఆ ఒక్కరోజే 1,900 పాయింట్లకు పైగా ఎగిరింది. పెట్టుబడులు, ఉద్యోగాలు వాటంతట అవే వస్తాయన్నారు. డిప్లొమా చేసిన మా అబ్బాయి ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు. వచ్చాయా మరి?

పద్దుల రామం:
మినహాయింపులన్నీ వదులుకున్నవారికే 22. సర్‌ఛార్జీ, సెస్సు కలిపితే 25.17 అవుతుంది. వియత్నాంలో 20, సింగపూర్‌లో 17 ఉన్నప్పుడు మనం 30 దగ్గరే కూర్చుంటే ఫ్యాక్టరీ ఎవరు పెడతారు? ఆరు నెలలు తిరగకుండానే కరోనా వచ్చింది, ఆ నష్టాన్ని దీని ఖాతాలో రాయకండి. 2018-19లో 6.63 లక్షల కోట్లున్న కార్పొరేట్ పన్ను వసూళ్లు 2023-24లో 9.11 లక్షల కోట్లకు చేరాయి.

బియ్యం మిల్లు:
రామం గారూ, వసూళ్లు పెరిగింది లాభాలు ఉబ్బినందువల్ల. 33,000కు పైగా కంపెనీల లెక్కలు చూసి 2023-24 ఆర్థిక సర్వే ఏమన్నదో చదవండి: 2019-20 తర్వాత మూడేళ్లలో పన్నుకు ముందు లాభం దాదాపు నాలుగింతలైంది, నియామకాలూ జీతాలూ ఆ వేగాన్ని అందుకోలేదు. ప్రభుత్వమే రాసుకున్న మాట అది. 2023-24లోనే వ్యక్తుల ఆదాయపు పన్ను 10.44 లక్షల కోట్లు, కంపెనీలు కట్టినదానికంటే ఎక్కువ.

ఇక మా సంగతి. అన్నదమ్ములం ముగ్గురం భాగస్వాములం. కంపెనీ కాదు కాబట్టి మాకు ఇప్పటికీ 30 శాతమే, పైన సెస్సు. కంపెనీగా మార్చుకోమని ఆడిటరు గారు ఏటా చెబుతారు. మారిస్తే డివిడెండు మీద మళ్లీ మా చేతి నుంచి పన్ను, ఆపైన దాఖలు చేయాల్సిన కాగితాలు ఓ కట్ట. నిజం దాచను, మాకూ తగ్గించి ఉంటే మొదట కొనేది సార్టెక్స్ యంత్రమే. అది వచ్చిన మర్నాటి నుంచి నల్ల గింజలు ఏరే ఐదుగురు ఆడవాళ్లకు పని ఉండదు. పెట్టుబడి పెరిగినట్టే, ఉద్యోగాలు తగ్గినట్టే!

కృష్ణ లంక:
రాష్ట్రాల మాట ఎవరూ ఎత్తలేదు. అప్పట్లో కేంద్రం పంచే పన్నుల్లో వాటికి 42 శాతం వాటా. అంటే వదులుకున్నదాంట్లో సుమారు 60 వేల కోట్లు మన రాష్ట్రాలలాంటివే భరించాయి. 2020లో మార్చి, మే నెలల్లో పెట్రోలు మీద 13, డీజిల్ మీద 16 రూపాయలు పెంచారు. అదంతా సెస్సు, ప్రత్యేక సుంకం. రాష్ట్రాలకు పంచనక్కరలేదు.

పద్దుల రామం:
ఆ పెంపు మొత్తాన్ని 2021 నవంబరులో కొంత, 2022 మేలో కొంత తగ్గించి తీసేశారు, అదీ చెప్పండి. జీతాల విషయంలో మాత్రం మిల్లు గారితో వాదించలేను.

గోదావరి గట్టు:
మిల్లు గారూ, ఆ సార్టెక్స్ నడపడానికి డిప్లొమా చదివినవాడు కావాలా?

బియ్యం మిల్లు:
మెకానికల్ అయితే పంపండి. యంత్రానికి బ్యాంకు అప్పు ఇంకా మంజూరు కాలేదు.