చెట్టినాడు పాతమేడలో రెండు రాత్రుల బస: గది బుక్ చేసే ముందు ఏం అడగాలి?

అరుగుమీద, వేళచ్చేరి
సంక్రాంతి వెళ్లాక అమ్మానాన్నలతో చెన్నై నుంచి కారైక్కుడి వైపు వెళ్లి, హోటల్‌గా మార్చిన చెట్టియార్ల మేడలో రెండు రాత్రులు ఉండాలని ఉంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. నాన్న రాత్రి రెండు మూడుసార్లు లేస్తారు. ఫొటోల్లో అన్నీ బాగానే ఉన్నాయి. ఫోన్ చేసి ఏం అడగాలి? పన్నుతో కలిపి రాత్రికి 8,000 దాటకూడదు. కుదరకపోతే పాండిచ్చేరి అయినా సరే.

గానుగసున్నం
మొదట బాత్రూమ్ సంగతి తేల్చుకోండి. ఈ ఇళ్లు కట్టిన రోజుల్లో గదికో బాత్రూమ్ లేదు, స్నానాదులన్నీ పెరట్లోనే. హోటల్ చేసినప్పుడు గదిలో ఓ మూల గోడ లేపి బాత్రూమ్ చేస్తారు. నేల తవ్వితే పాత ఆత్తంగుడి పలకలు (ఆ పక్క ఊళ్లో చేత్తో చేసే సిమెంటు పలకలు) పగులుతాయని గొట్టాలు నేలమీదే పరిచి పైన గచ్చు పోస్తారు. కమోడ్ గొట్టమే 4 అంగుళాలు. నీళ్లు నిలవకుండా ఆరడుగులకు దాదాపు 2 అంగుళాల వాలు. ఆపైన గచ్చు, పలక. మొత్తం 7, 8 అంగుళాల మెట్టు తేలుతుంది. పెద్దవాళ్లు తూలేది అక్కడే, లోపలికి వెళ్లేటప్పటికంటే నిద్రమత్తులో బయటికి అడుగేసేటప్పుడు.

అందుకని "అటాచ్డ్ ఉందా" అంటే సరిపోదు, ఉందనే చెబుతారు. మెట్టు ఎన్ని అంగుళాలు, పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉందా, మంచం నుంచి కమోడ్ దాకా ఎన్ని గడపలు దాటాలి, ఇవి అడగండి. బాత్రూమ్ తలుపు దగ్గర నేల కనబడేలా ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమనండి. తీయడానికి బద్ధకించేవాళ్లు రేపు గీజర్ పనిచేయకపోయినా అంతే.

మేడమీది గది వద్దు. ఇప్పటి ఇళ్లలో మెట్టు ఎత్తు 6, 7 అంగుళాలైతే పాతమేడల్లో 8, 9 దాకా ఉంటుంది, లిఫ్ట్ ఉండడం అరుదు. అయితే కింద గదులకూ ఓ ఇబ్బంది ఉంది. మన గోదావరి జిల్లాల మండువా లోగిలి చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది: వాళ్లు వళవు అనే నడిమి ముంగిలి చుట్టూ ఉన్న ఆ గదులు పెళ్లైన కొడుక్కి ఒకటి చొప్పున ఇచ్చినవి, సామాన్లు దాచుకోవడానికీ పూజకూ వాడినవి. కిటికీలు చిన్నవి, పగలు కూడా లైటు వేయాలి. పొద్దున ముంగిలి ఊడ్చే చప్పుడు నేరుగా మంచం దాకా వస్తుంది. రెండో కట్టులో, అంటే వెనక ముంగిలి వైపు, గది తీసుకుంటే చీపురు చప్పుడు తగ్గుతుంది గానీ వంటిల్లు దగ్గరవుతుంది. ఏదో ఒకటి ఓర్చుకోవాలి.

చెమ్మగోడ
పైన చెప్పినదంతా నిజమే. ఒక్కటి మాత్రం వదిలేశారు. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి, జనవరిలో కూడా సున్నపు గోడలు పూర్తిగా ఆరవు. సున్నం తాగిన చెమ్మ బయటికి పోవాలి. దానిమీద ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు కొడితే లోపలే నిలిచి, ఉప్పు పొంగి, పెచ్చులూడుతుంది. గదిలోకి వెళ్లగానే కింది మూడడుగుల గోడ చూడండి, మంచం తలవైపు మరీ ముఖ్యంగా. తెల్లటి పొడి రాలుతుంటే సామాను విప్పకముందే గది మార్చమనండి, విప్పాక ఎవరూ మార్చరు. నాన్నగారికి ఆయాసం ఉంటే ఇది మెట్టుకన్నా ముఖ్యం.

అడుగున్నర, రెండడుగుల మందం గోడలు దాటి వైఫై రాదు. రౌటర్ గదిలో ఉందా, ముంగిలిలోనేనా అడగండి. ముంగిలి పైన తెరిచే ఉంటుంది కాబట్టి దోమతెర కూడా.

ఎగ్మోర్‌సంచి
లెక్క ముందు. గది అద్దె రాత్రికి 7,500 వరకు 5 శాతం జీఎస్టీ, దాటితే 18. ఈ 5 శాతం 2025 సెప్టెంబరు 22 నుంచి, అంతకుముందు 12 ఉండేది. 7,500 గదికి పన్నుతో 7,875. 7,600 గదికి 8,968. వంద ఎక్కువకి వెయ్యి పైన పోతుంది. కాస్త బేరమాడి 7,500లోపు రాయించుకోండి.

కారు అయితే 400 కిలోమీటర్ల పైమాటే, మోకాళ్లకు రైలే నయం. పల్లవన్ ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నం బయల్దేరి రాత్రికి కారైక్కుడిలో దింపుతుంది. మేడలు ఎక్కువగా ఉన్న కానాడుకాత్తాన్ అక్కడి నుంచి 15 కిలోమీటర్లు, ఆ వేళకి ఆటోల మీద ఆశ పెట్టుకోకండి. హోటల్ బండి ముందే చెప్పుకోండి, భోజనం కూడా. ఈ ఇళ్లలో మెనూ కార్డు చూసి ఆర్డరిచ్చే పద్ధతి తక్కువ, ఎంతమందికి వండాలో పొద్దున్నే చెప్పాలి.

మద్రాసుటెర్రస్
"హెరిటేజ్" అని బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. పర్యాటక శాఖ ఇచ్చే హెరిటేజ్ వర్గీకరణకు భవనం 1950కి ముందు కట్టినదై ఉండాలి, కనీసం 5 గదులుండాలి. పాత శైలికి తగ్గట్టు కొత్త కట్టడం చేర్చుకోవడానికీ అనుమతి ఉంది. కాబట్టి "గది పాత కట్టడంలోనా, కొత్త బ్లాకులోనా" అని విడిగా అడగాలి. మీ అమ్మగారికైతే కొత్త బ్లాకే నా ఓటు. బాత్రూమ్ సమతలంగా ఉంటుంది, కాఫీ భోజనాలు ఎలాగూ పాత ముంగిలిలోనే.

గానుగసున్నం
కొత్త బ్లాకులో పడుకోవడానికి అంత దూరం ఎందుకండీ, వేళచ్చేరిలోనూ గదులున్నాయి!

మద్రాసుటెర్రస్
పడుకున్నాక పైకప్పు ఎవరు చూస్తారు సార్.

అరుగుమీద, వేళచ్చేరి
అందరికీ ధన్యవాదాలు. మెట్టు ఫొటో అడిగాను, ఒక చోటి నుంచి వెంటనే వచ్చింది: 3 అంగుళాలు, కడ్డీ ఉంది, అద్దె 7,200. మరి పాండిచ్చేరి?

ఎగ్మోర్‌సంచి
ఆ గది దొరికితే పాండిచ్చేరి ఇంకోసారి చూసుకోవచ్చు. వెళ్తే మాత్రం బీచ్ రోడ్డుకు ఆనుకున్న హోటల్ తీసుకోకండి, సాయంత్రం 6 దాటితే ఆ రోడ్డుమీద బళ్లు తిరగనివ్వరు, అమ్మగారు నడవాలి. తమిళుల పేటలో అరుగు, చిన్న ముంగిలి ఉన్న ఇళ్లు చూడండి.