పాత కంప్యూటర్‌లో గేమ్ సాఫీగా నడవాలంటే ముందు తగ్గించాల్సింది రిజల్యూషనా, ఎఫెక్ట్‌లా?

పాతపెట్టె:
నా దగ్గర నాలుగు కోర్ల పాత ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 2 జీబీ మెమరీ ఉన్న జీటీఎక్స్ 1050 గ్రాఫిక్స్ కార్డు, 1920×1080 మానిటర్ ఉన్నాయి. ఒక ఓపెన్ వరల్డ్ గేమ్ మీడియం సెట్టింగ్‌లలో అడవుల్లో బాగానే నడుస్తోంది గానీ, నగరంలోకి అడుగుపెట్టగానే సెకనుకు 30 ఫ్రేములు కూడా రావడం లేదు. రిజల్యూషన్‌ను (బొమ్మలోని చుక్కల, అంటే పిక్సెళ్ల, సంఖ్యను) 1280×720కి దించేయమని కొందరు, దాని జోలికి పోకుండా ఎఫెక్ట్‌లు తగ్గించుకోమని మరికొందరు అంటున్నారు. కొత్త కార్డు కొనమనే సలహా తప్ప ఏదైనా చెప్పండి.

పిక్సెల్ పంతులు:
ఇందులో వాదనకు తావే లేదు. 1920×1080లో ఒక్కో ఫ్రేముకు 20,73,600 పిక్సెళ్లు ఉంటే 1280×720లో 9,21,600 మాత్రమే ఉంటాయి, అంటే పిక్సెళ్ల భారం ఒక్క దెబ్బతో సగానికి పైగా తగ్గుతుంది. ఎఫెక్ట్‌లను ఒక్కొక్కటిగా పీకేస్తూ పోతే మిగిలేది బోసి గోడలే.

నేటివ్‌వాది:
పంతులుగారి లెక్క సరైనదే కానీ, చూసేది కన్ను కదా. పాత సీఆర్‌టీ (గాజు గొట్టపు) మానిటర్లకు ఎల్‌సీడీలా స్థిరమైన పిక్సెల్ గడులు ఉండేవి కావు గనుక రిజల్యూషన్ తగ్గించినా బొమ్మ అంతగా చెడేది కాదు. ఎల్‌సీడీలో 720 వరుసలను 1080 వరుసల మీద పరచాలంటే ఒక్కో వరుస ఒకటిన్నర వరుసలుగా సాగాలి; తెర మీద అర పిక్సెల్ అనేది లేదు కాబట్టి పక్క రంగులతో కలిపి సర్దాల్సి వస్తుంది, మ్యాపులోని చిన్న అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించేది అందుకే. నీడల సంగతి వేరు. నీడ ఎక్కడ పడాలో తేల్చడానికి గేమ్ అదే దృశ్యాన్ని వెలుతురు వచ్చే దిక్కు నుంచి మరోసారి గీసుకుంటుంది, అయినా వాటిని ఒక మెట్టు దించితే ఆట ధ్యాసలో ఉన్నవారు గమనించడం అరుదు. వాల్యూమెట్రిక్ (లోతు ఉన్నట్టు కనిపించే) పొగమంచు, ప్రతిబింబాలు, ఆంబియంట్ అక్లూజన్ (మూలల్లో, సందుల్లో పడే మెత్తటి నీడ) కూడా ఆ కోవలోవే. ఏటవాలుగా కనిపించే నేలను స్పష్టంగా ఉంచే అనైసోట్రోపిక్ ఫిల్టరింగ్‌ను మాత్రం ముట్టుకోకండి, ఎందుకంటే దాన్ని తగ్గించి ఆదా చేసేది స్వల్పం, దూరపు రోడ్డు మసకబారడం మాత్రం ఖాయం.

నిదానం:
మీరిద్దరూ కార్డే దోషి అని ముందే తేల్చేసి, శిక్ష ఏమిటన్న దాని మీద వాదించుకుంటున్నారు. అడవిలో బాగుండి నగరంలో కుంటుతోందంటే ముందు అనుమానించాల్సింది ప్రాసెసర్‌ను, ఎందుకంటే జనాన్నీ వాహనాలనూ కదిలించడం, ఏ వస్తువును గీయాలో కార్డుకు ఆదేశాలు పంపడం దాని పనులే. 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లలో పూర్తి కావాలి. ప్రాసెసరే 35 తీసుకుంటున్నప్పుడు పిక్సెళ్లు ఎన్ని తగ్గించినా కార్డు ఖాళీగా కూర్చోవడమే జరుగుతుంది. వీ-సింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్) తీసేసి, రద్దీ కూడలిలో కదలకుండా నిలబడి, ఫ్రేమ్ కౌంటర్ చూస్తూ రిజల్యూషన్ దించండి: సంఖ్య బాగా పెరిగితే కార్డు, పెద్దగా కదలకపోతే ప్రాసెసర్. సగటు బాగానే ఉండి మలుపుల్లో మాత్రం ఝటకా వస్తుంటే 2 జీబీ మెమరీ నిండిపోయి టెక్స్చర్లు (వస్తువుల మీద పరిచే బొమ్మలు) ర్యామ్‌లోకి పొంగుతున్నాయని అనుమానించాలి, దానికి మందు టెక్స్చర్లను ఒక మెట్టు దించడమే.

పిక్సెల్ పంతులు:
పరీక్షకు నేను అడ్డు చెప్పను. అయితే అక్షరాల అభ్యంతరానికి ఎప్పుడో పరిష్కారం దొరికింది. చాలా గేముల్లో ఉండే రెండర్ స్కేల్ దృశ్యాన్ని మాత్రమే తక్కువ పిక్సెళ్లలో గీసి, మెనూలను, మ్యాపును పూర్తి రిజల్యూషన్‌లోనే ఉంచుతుంది. తక్కువ పిక్సెళ్లలో గీసిన బొమ్మను పెంచి చూపే ఎన్విడియా పద్ధతి డీఎల్‌ఎస్‌ఎస్‌కు ఆ కంపెనీ ఆర్‌టీఎక్స్ కార్డు కావాలి గనుక అది మీకు దక్కదు, అలాంటి పనే చేసే, 2021లో వచ్చిన ఏఎండీ వారి ఎఫ్‌ఎస్‌ఆర్ మాత్రం గేములో ఉంటే ఈ కార్డు మీద కూడా పనిచేస్తుంది.

పాతపెట్టె:
కూడలిలో నిలబడి చూశాను. 1920×1080లో 27 ఫ్రేములు వస్తే 1280×720లో 29 వచ్చాయి. రిజల్యూషన్‌ను యథాస్థానంలో పెట్టి, జన సాంద్రతను కనిష్ఠానికి, దృశ్య దూరాన్నీ నీడలనూ ఒక్కో మెట్టు దించితే 36 నుంచి 41 మధ్య ఆడుతోంది. టెక్స్చర్లు తగ్గించాక మలుపుల దగ్గర ఝటకా చాలావరకు పోయింది.

నిదానం:
ఇక 30 దగ్గర ఫ్రేమ్ పరిమితి పెట్టండి. 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు తెరను రిఫ్రెష్ చేసే) మానిటర్‌పై ప్రతి ఫ్రేము సరిగ్గా రెండు రిఫ్రెష్‌ల పాటు నిలుస్తుంది కాబట్టి, అటూ ఇటూ ఊగే 40 కన్నా స్థిరమైన 30 కంటికి హాయిగా ఉంటుంది.

పిక్సెల్ పంతులు:
కథ కోసం ఆడేవారికి అది సరిపోతుందేమో గానీ, గురిచూసి కాల్చే ఆటలో 33 మిల్లీసెకన్లకొకసారి మాత్రమే మారే తెర మౌస్‌ను బరువెక్కిస్తుంది. ఆయన ఏది ఆడుతున్నారో అడగకుండా పరిమితి పెట్టమనడాన్ని నేను ఒప్పుకోను.