మూసీ మీద పరిశోధన: నమూనాలు ఎప్పుడు, ఎక్కడ తీయాలి?

వాడపల్లి అమ్మాయి:
రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి ఈ ఏడాది పరిశోధనలో చేరాను. అంశం మూసీ నీటి నాణ్యత. అనంతగిరి కొండల నుంచి, మా ఊరి దగ్గర కృష్ణలో కలిసేదాకా నెలకోసారి నమూనాలు తీయాలనుకుంటున్నాను. ప్రయోగశాల పని వచ్చు, నది దగ్గర పని నేర్పేవాళ్లు లేరు. ఏ పరికరం అడగాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత గేజి:
పరికరం సంగతి తరువాత చూద్దామమ్మా. ముందు హైదరాబాద్ నగరం దిగువన ఏదో ఒక కత్వ (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట) దగ్గర, తోడుగా ఒకరిని పెట్టుకుని, ఒక పగలూ ఒక రాత్రీ గంటగంటకూ కరిగిన ఆక్సిజన్ కొలవండి. నాచు పట్టిన నీటిలో అది మధ్యాహ్నం దాటాక పెరుగుతుంది, తెల్లవారుజామున బాగా పడిపోతుంది. ఈ తేడా తెలియకుండా పొద్దున వికారాబాద్‌లో మొదలై సాయంత్రానికి వాడపల్లి చేరితే, దిగువన నీళ్లు తేరుకున్నాయని రాసేస్తారు. అది నది చెప్పిన మాట కాదు, మీ జీపు చెప్పిన మాట.

ఇక ప్రవాహం. గాఢతను ప్రవాహంతో హెచ్చిస్తేనే ఆ పూట నది ఎంత సరుకు మోసిందో తెలిసేది. లోతు తక్కువున్న చోట, నీటి వేగం కొలిచే కరెంట్ మీటరును పైనుంచి లోతులో పదింట ఆరు వంతుల దగ్గర పట్టుకుంటే సగటు వేగానికి దగ్గరగా వస్తుంది. భాస్వరం చాలావరకు ఒండ్రును అంటుకుని తొలకరి వరదలో కొట్టుకుపోతుంది. నెలకోసారి వెళ్లేవారికి అది కనబడనే కనబడదు.

సిల్ట్ చెల్లి:
ప్రమాణాలు చూసుకోండి. మన తాగునీటి ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములన్నది నైట్రేట్ లెక్క. చాలా పత్రాల్లో నైట్రోజన్ లెక్క ఇస్తారు, దాన్ని 4.43తో హెచ్చించాలి. బీఓడీ (నీటిలోని మురికిని సూక్ష్మజీవులు కుళ్లబెట్టడానికి పట్టే ఆక్సిజన్) మన పద్ధతిలో 27 డిగ్రీల దగ్గర 3 రోజులు, విదేశీ పత్రాల్లో ఎక్కువగా 20 డిగ్రీల దగ్గర 5 రోజులు. రెండింటినీ ఒకే పట్టికలో పెట్టిన వ్యాసాలు చదివి చదివి విసిగిపోయాను.

వాడపల్లి అమ్మాయి:
వరద వచ్చినప్పుడల్లా వెళ్లడానికి వాహనం లేదండీ.

పాత గేజి:
అయితే చోట్లు తగ్గించండి. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాక ఎగువ నీరు అక్కడే ఆగుతోంది. వేసవిలో నగరం దిగువన పారేది చాలావరకు మురుగునీరే. నా దృష్టిలో అవి రెండు నదులు. ఎగువన ప్రశ్న వాన, నేల, ఎరువు. దిగువన ప్రశ్న నగరం. ఒక్కదాన్నే ఎంచుకోండి. మీది దిగువ ఊరు కాబట్టి అదే నయం. కత్వకు ఎగువా దిగువా రెండు చోట్లు పెట్టుకుని, వాన పడగానే నీళ్లు పట్టి ఉంచే మనిషిని దగ్గరి ఊళ్లో చూసుకోండి. వరదలో దిగవద్దని, గట్టు మీంచి తాడు కట్టిన బకెట్టుతో తోడమని చెప్పండి. సీసాలు, చేతి తొడుగులు, ఐసు పెట్టె ముందే ఇచ్చి ఉంచండి. సీసా మీద తేదీతోపాటు గంట కూడా రాయించండి.