మధురవాడలో ఫ్లాట్: క్రైమ్ రేటు లెక్కల్ని ఎంతవరకు నమ్మొచ్చు?

సాగర్‌నగర్ శ్రీను:
మా బావ మధురవాడలో ఫ్లాట్ చూస్తున్నాడు. అక్కకి నైట్ షిఫ్టులు కాబట్టి టెన్షన్. దేశంలో నేరాల లెక్కలు అచ్చేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఉంది కదా, బావేమో "ఎన్‌సీఆర్‌బీ మెట్రో నగరాల పట్టికలో వైజాగ్ పేరే లేదు, ఇంకేం భయం" అంటాడు. పోయినేడు ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సెక్కుతుంటే నా ఫోన్ కొట్టేశారు. ఒక స్టేషన్‌కి వెళ్తే "పోయిందని రాయండి, పని తొందరగా అవుతుంది" అన్నారు. అలాగే రాశాను. ఇంతకీ నా ఫోన్ ఆ లెక్కల్లో ఉన్నట్టా, లేనట్టా?

కంచరపాలెం తాత (స్టేషన్ రైటర్, రిటైర్డ్):
లేనట్టే బాబూ. పోయిందని రాస్తే అది దొంగతనం కాదు. వాళ్ళు లెక్కపెట్టేది కట్టిన కేసుల్ని, జరిగిన నేరాల్ని కాదు. కాగ్నిజబుల్ నేరమైతే, అంటే కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగలిగేదైతే, ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఏడాది చివర పక్క స్టేషన్‌తో పోలుస్తారని తెలిసినప్పుడు పెన్ను అంత తొందరగా కదలదు.

ఇంకోటి. ఇంట్లో దూరి ముసలావిడని చంపి గొలుసు పట్టుకుపోయారనుకో. ఎఫ్‌ఐఆర్‌లో సెక్షన్లు రెండూ పడతాయి. ఎన్‌సీఆర్‌బీకి వెళ్ళేసరికి పెద్ద నేరమొక్కటే లెక్క, కాబట్టి అది ఒక హత్య, అంతే. దోపిడీ అంకె అలాగే ఉంటుంది.

గంజాయి కేసులు పెరిగాయంటే ఏజెన్సీ నుంచి సరుకు ఎక్కువ దిగుతోందో, చెక్‌పోస్టులు ఎక్కువయ్యాయో అంకె చెప్పదు.

మీ బావ చెప్పిన పట్టిక 20 లక్షలు దాటిన నగరాలది, 2011 జనాభా లెక్కల ప్రకారం. అప్పుడు మనం 17 లక్షల పైచిలుకు. అందుకే పేరు లేదు. క్రైమ్ రేటు అంటే లక్ష జనాభాకి ఇన్ని కేసులని. నగరాలకి ఇప్పటికీ ఆ 2011 జనాభాతోనే భాగిస్తున్నారు. ఊరు ఎంత పెరిగితే రేటు అంత ఎక్కువ కనిపిస్తుంది.

లాయరమ్మ, సీతమ్మధార:
తాతగారు చెప్పింది నిజం. కేరళలో రేటు ఏటా ఎక్కువే ఉంటుంది. అక్కడ జనం స్టేషన్ మెట్లెక్కుతారు, పోలీసులు కేసు కడతారు. నాకైతే తక్కువ అంకె చూస్తేనే అనుమానం.

ఎఫ్‌ఐఆర్‌లు 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. లైంగిక నేరాల్లాంటి సున్నితమైనవి మాత్రం పెట్టరు. కాబట్టి మీ అక్క భయపడే కేసులే అక్కడ కనపడవు. అయినా మధురవాడ అంటే పీఎం పాలెం స్టేషన్, దాని పేరుతో వెతకండి.

సాగర్‌నగర్ శ్రీను:
డిసెంబరులో కమిషనర్ గారి ప్రెస్ మీట్ అంకెలు, ఎన్‌సీఆర్‌బీవి ఒకటేనా అండి?

కంచరపాలెం తాత:
పక్కపక్కన పెట్టొద్దు. ఇక్కడి లెక్క ఏడాది గడవకముందే వచ్చేస్తుంది. ఎన్‌సీఆర్‌బీ 2022 నేరాల లెక్కల పుస్తకం 2023 డిసెంబరులో వచ్చింది, 2023ది 2025 సెప్టెంబరు దాకా రాలేదు. పైగా 2022 ఏప్రిల్‌లో విశాఖ జిల్లా మూడు ముక్కలైంది. పాత కాగితాల్లో పాడేరు, నర్సీపట్నం విశాఖ రూరల్‌లో ఉండేవి.

ఇంతకీ మీ అక్క రాత్రి దిగేది కార్‌షెడ్ జంక్షన్లోనా, కొమ్మాదిలోనా? అది చెప్తే ఆ బీటులో గస్తీ ఎవరు తిరుగుతారో ఎలా కనుక్కోవాలో చెప్తాను.